చిత్రకారుడు ఫెలిక్స్ నుస్‌బౌమ్

స్వదేశమును విడిచి పోవలసి వచ్చినవారి కథలు మన పురాణేతిహాసములయందు పెక్కు కలవు. కాని శ్రీరామచంద్రుని వనవాసమునకు పదునాలుగేండ్ల గడువు కలదు. పాండవుల అరణ్యవాసమునకు పండ్రెండేండ్లును, అజ్ఞాతవాసమునకు ఒక యేడును గడువు కలదు. గడువు గల కష్టమును మానవుడు దినములు లెక్కపెట్టుకొనుచునైనను దాటగలడు. గడువు లేని ప్రవాసమును, ముగింపు తెలియని అజ్ఞాతవాసమును ఇరువదవ శతాబ్దమున ఐరోపాఖండమందలి యూదులు లక్షల సంఖ్యలో అనుభవించిరి. వారిలో ఒక చిత్రకారుడు తాను పడిన పాట్లను తేదీలతో సహా రంగులలో లిఖించి, ఆ లిఖితమును లోకమునకు అప్పగించి పోయెను. అతని పేరు ఫెలిక్స్ నుస్‌బౌమ్.

జర్మనీదేశపు వాయవ్యభాగమున ఆస్నాబ్రుక్ అను పట్టణము కలదు. ఐరోపాను ముప్పదియేండ్లు పీడించిన యుద్ధము 1648లో ఏ రెండు పట్టణములలో జరిగిన సంధులచే ముగిసెనో, వానిలో ఇది యొకటి. శాంతికి పేరుపడిన ఆ యూర 1904వ సంవత్సరము డిసెంబరు 11వ తేదీన ఫెలిక్స్ జన్మించెను. తండ్రి ఫిలిప్ ఇనుపసామానుల వర్తకుడు. తల్లి పేరు రాహెల్. యూస్టుస్ అను అన్న యొకడు కలడు.

వారు యూదమతస్థులు. యూదులు జర్మనీలో శతాబ్దములుగ నివసించుచు, ఆ దేశభాషనే తమ భాషగ గ్రహించి, వర్తకమునను, వైద్యమునను, విద్యలయందును పేరు గాంచినవారు. మతము వేరైనను తాము జర్మనులమే యని వారు మనసార నమ్మియుండిరి. ఫిలిప్ 1914 మొదలు 1918 వరకు జరిగిన మహాయుద్ధమున జర్మను సైనికుడై పోరాడినవాడు. తాను ప్రాణమొడ్డి సేవించిన దేశము తన్ను పరాయివానిగ ఎంచునని ఆయనకు కలలోనైన తోచియుండదు.

బిడ్డ చిత్రకళ నేర్చెదనన్న, కూడు పెట్టని విద్య యేల యని మందలించు తండ్రులు ఏ దేశమునందైనను కలరు. ఫిలిప్ అట్టివాడు కాడు. ఆయనకే చిత్రలేఖనమనిన ప్రీతి. త్రాసు పట్టిన చేతితోనే తీరికవేళల కుంచెను పట్టెడివాడు. హాలెండుదేశపు మహాచిత్రకారుడు వాన్ గో చిత్రములపై ఆయనకు మిక్కిలి మక్కువ. తనకు తీరని కోరిక కుమారునియందు తీరవలెనని ఎంచి, కావలసిన ధనమిచ్చి ప్రోత్సహించెను. ఫెలిక్స్ 1922లో హాంబర్గు నగరమునకును, ఆ మరుసటి యేడు రాజధాని యగు బెర్లినుకును పోయి కళాశాలలలో చదివెను. అతని తొలినాటి చిత్రములలో వాన్ గో ఛాయ స్పష్టముగ కనబడును. శిష్యుడు మొదట గురువు చేతివ్రాతను దిద్దుట సహజమే కదా.

బెర్లినునందే అతనికి ఫెల్కా ప్లాటెక్ అను యువతితో పరిచయమయ్యెను. ఆమె పోలండుదేశపు వార్సా నగరమున 1899లో పుట్టిన యూదకన్య, ఆమెయు చిత్రకారిణియే. ఆ పరిచయము స్నేహమై, స్నేహము ప్రేమయై, కడపటి దినము వరకు ఆమె అతని వెంట నడచెను. అతడు ఎక్కిన కడపటి రైలును కూడ ఆమె అతనితోనే ఎక్కెను.

1926లో ఫెలిక్స్ తమ యూరి యూద ప్రార్థనామందిరపు లోపలిభాగమును చిత్రించెను. ముందు స్తోత్రపాఠకుడు, అతని వెనుక ప్రార్థనావస్త్రము ధరించిన చిత్రకారుడు నిలిచియుందురు. వృద్ధుడు తన విశ్వాసమున స్థిరముగ నున్నాడు. యువకుని చూపులో ఏదో ప్రశ్న కలదు. ఆ నాటికి అది ఒక యువకుడు వ్రాసిన మంచి చిత్రము మాత్రమే. ఆ మందిరము పండ్రెండేండ్లకు భస్మమగునని ఎవరెరుగుదురు?

అతనికి పేరు తెచ్చినది 1931లో వ్రాసిన ఒక హాస్యచిత్రము. దానికి వెర్రి కూడలి యను అర్థము వచ్చు పేరు పెట్టెను. బెర్లినులోని ప్రసిద్ధమైన కూడలి యొకటి అందు కనబడును. నల్లని దుస్తులు ధరించిన వృద్ధ కళాచార్యులు వరుసగ తమ కళాపరిషత్తులోనికి పోవుచుందురు. వెలుపల మైదానమున యువచిత్రకారులు తమ చిత్రములను మోసికొని వచ్చి, చూచువారు లేక నిలుచుందురు. ఆ ప్రక్క మేడపై పరిషదధ్యక్షుడు మాక్స్ లీబర్మన్ లోకమును చూడక తన ముఖమునే తాను చిత్రించుకొనుచుండును. పెద్దలపై పిన్నలు విసరిన ఈ పరిహాసమునకు బెర్లిను రసికులు నవ్విరి, మెచ్చిరి. కాలము మాత్రము ఆ పరిహాసమునకు వేరొక అర్థమును కల్పించెను. లీబర్మన్ కూడ యూదుడే. రెండేండ్లు గడవకముందే ఆ వృద్ధుడు పరిషత్తు విడువవలసి వచ్చెను. అతనిని వెక్కిరించిన యువకుడు దేశమునే విడువవలసి వచ్చెను. పిన్నపెద్దల తగవు తీరకముందే ఇల్లే కూలిపోయెను.

ఆ చిత్రపు ఖ్యాతివలన ఫెలిక్సునకు రోమునగరమునందలి జర్మను కళాపీఠమున ఉండి సాధన చేయుటకు వేతనము లభించెను. 1932 శరత్కాలమున అతడు ఇటలీకి పోయెను. జర్మను చిత్రకారునకు అంతకు మించిన గౌరవము అరుదు. వయస్సు ఇరువదియెనిమిది నిండవచ్చినది. భాగ్యరేఖ పండినదనియే అందరు తలచిరి. ఆ డిసెంబరులోనే బెర్లినులోని అతని చిత్రశాల కాలిపోయి, సుమారు 150 చిత్రములు బూడిద యయ్యెను. అప్పటి వరకు చేసిన కృషిలో అధికభాగము ఒక్కమారు పోయెను. అతడు ఆ దుఃఖము నుండి తేరుకొనకముందే, 1933 జనవరి 30వ తేదీన హిట్లరు జర్మనీకి ప్రధానమంత్రి యయ్యెను.

హిట్లరు సిద్ధాంతమును రెండు మాటలలో చెప్పవచ్చును. జర్మనుల రక్తము శ్రేష్ఠమనియు, యూదుల రక్తము దేశమునకు విషమనియు అతడు బోధించెను. యుద్ధమున ఓడి, ధరలు పెరిగి, పనులు లేక క్రుంగియున్న ప్రజలకు తమ కష్టములన్నిటికి ఒక కారణమును వ్రేలితో చూపినచో వారు నమ్ముదురు. అట్లే నమ్మిరి. యూదులు ఉద్యోగముల నుండియు, విద్యాలయముల నుండియు, కళాపరిషత్తుల నుండియు తొలగింపబడిరి. ఆ విషము రోములోని కళాపీఠమునకును ప్రాకెను. అచటి సహవాసితో జరిగిన ఒక కలహము అనంతరము 1933 మేనెలలో ఫెలిక్స్ ఆ స్థానమును విడువవలసి వచ్చెను. జర్మనీకి మరలుట ప్రమాదము. కనుక అతడును ఫెల్కాయును ఇటలీ సముద్రతీరపు చిన్న ఊళ్లలో తలదాచుకొనిరి. ఆ నాడు విడిచిన స్వదేశమును అతడు స్వతంత్రుడై మరల చూడలేదు.

1934లో తల్లిదండ్రులు కూడ జర్మనీ విడిచి, రాపాల్లో అను తీరగ్రామమున కుమారుని కలిసికొనిరి. కొన్ని మాసములు కుటుంబము ఒకచోట నుండెను. కాని ముసలివాడైన ఫిలిప్పునకు పుట్టిన నేలపై బెంగ పట్టుకొనెను. తాను దేశముకొరకు యుద్ధము చేసినవాడననియు, తనవంటి వానికి కీడు జరుగదనియు ఆయన నమ్మకము. కుమారుడు వలదని ఎంత వారించినను వినక, 1935లో ఆ దంపతులు జర్మనీకి మరలిపోయిరి. ఆ వీడ్కోలే కడపటిది. తండ్రికి దేశముపై నున్న ప్రేమయే ఆయనకు ఉరి యయ్యెను.

ఫెలిక్స్, ఫెల్కాలు ఆ యేడే బెల్జియముదేశపు ఓస్టెండు రేవుపట్టణమునకు చేరిరి. యాత్రికుల అనుమతిపత్రముపై వచ్చినవారికి గడువు తీరినప్పుడెల్ల అధికారుల ఎదుట నిలిచి, మరికొంత కాలము ఉండనిండని వేడుకొనక తప్పదు. ఉండుటకే అనుమతి యడుగువారికి జీవనోపాధి సుకరమగునా? ఆ పట్టణమున వృద్ధ చిత్రకారుడు జేమ్స్ ఎన్సార్ నివసించుచుండెను. మారుముఖములు ధరించిన మనుష్యులను చిత్రించుటలో ఆయన ప్రఖ్యాతుడు. ఆ వృద్ధుడు ఈ పరదేశిని ఆదరించెను. అప్పటి నుండి ఫెలిక్స్ చిత్రములలో కూడ మారుముఖములు కనబడసాగెను. నిజమైన ముఖముతో తిరుగలేనివానికి మారుముఖము వట్టి వేడుక వస్తువు కాదు కదా. 1937లో వారు బ్రస్సెల్స్ నగరమునకు తరలి, అచటనే వివాహము చేసికొనిరి.

1938 నవంబరు 9వ తేదీ రాత్రి జర్మనీయంతట యూదుల మందిరములకు నిప్పు పెట్టబడెను, అంగళ్లు దోచబడెను. ఆస్నాబ్రుకులోని మందిరము కూడ ఆ రాత్రి దగ్ధమయ్యెను. పండ్రెండేండ్ల క్రిందట ఆ యూరి కుర్రవాడు వ్రాసిన చిత్రము మాత్రము నిలిచెను. రాతితో కట్టినది పోయి, గుడ్డపై రంగు మిగిలెను. వృద్ధ దంపతులు ఎట్టకేలకు 1939లో హాలెండులోని పెద్దకుమారుని చెంతకు పారిపోయిరి.

ఆ 1939లోనే ఫెలిక్స్ శరణార్థి యను చిత్రమును వ్రాసెను. పొడుగాటి బల్లయొద్ద ఒకడు రెండుచేతులలో ముఖము దాచుకొని కూర్చుండియుండును. అతని ప్రక్కన చేతికర్రయు, మూటయు నుండును. బల్లపై పెద్ద భూగోళమొకటి. తెరచిన ద్వారమునుండి ఆకులు లేని చెట్టు కానవచ్చును. అంతియే చిత్రము. పాఠశాలలో బాలురకు దేశములు చూపుటకు ఉంచు ఆ గోళముపై ఎన్ని రాజ్యములో! ఆ మనుష్యుడు కాలు మోపుటకు మాత్రము జానెడు చోటు లేదు. పుటలకొలది వ్రాసినను ఇంతకన్న స్పష్టముగ చెప్పుట కష్టము.

1940 మే 10వ తేదీన జర్మనుసేనలు బెల్జియముపై బడెను. బెల్జియము అధికారులు తమ దేశమందున్న జర్మను పౌరులను శత్రువులుగ ఎంచి నిర్బంధించిరి. జర్మనీ అతనిని యూదుడని వెళ్లగొట్టినది; బెల్జియము అతనిని జర్మనుడని బంధించినది. ఫ్రాన్సుదేశపు దక్షిణతీరమున సెంట్ సిప్రియన్ అనుచోట ఇసుకదిబ్బలపై వేసిన చెరసాలలోనికి అతనిని పంపిరి. ఈగలు, ఆకలి, రక్తగ్రహణి అచటి నిత్యానుభవములు. ముండ్లతీగల నడుమ నిలిచిన తన రూపమును అతడు పిదప చిత్రించెను. ఖైదీలు మూగియున్న బల్లపై భూగోళమును మరల వ్రాసెను. ఆగస్టులో జర్మనీకి త్రిప్పి పంపుటకై తీసికొనిపోవుచుండగ బోర్డో నగరమున తప్పించుకొని, జర్మనుల అధీనమైయున్న బ్రస్సెల్సుకే, భార్య యొద్దకే చేరుకొనెను.

1942లో ఆపద గుమ్మములోనికి వచ్చెను. యూదులందరు దుస్తులపై పసుపుపచ్చని నక్షత్రమును ధరింపవలెనని వేసవిలో ఆజ్ఞ వెలువడెను. ఆగస్టు మొదలు మెఖెలెన్ అను పట్టణపు సైనికనివాసము నుండి రైళ్లకొలది యూదులను పోలండులోని ఆష్విట్జ్ వధస్థానమునకు తరలింపసాగిరి. అప్పుడు దంపతులు అజ్ఞాతవాసమున ప్రవేశించిరి. ఒక శిల్పి కొన్నిమాసములు వారిని తన యింట దాచెను. అతడు ఊరు విడిచిన పిదప తాము పూర్వము బాడుగకున్న ఇంటిలోనే అటకమీద దాగిరి. రంగునూనెల వాసన మెట్లమీదికి ప్రాకినచో ఇరుగుపొరుగుల వారికి గుట్టు తెలియును. కనుక వేరొక వీధిలో ఒక మిత్రుడు నేలమాళిగ నిచ్చెను. పట్టుబడినచో ప్రాణము పోవునని ఎరిగియు, అటకనుండి ఆ మాళిగకు పోయి అతడు చిత్రములు వ్రాయుచుండెను. ఆశ్రయమిచ్చిన వారికిని ప్రాణభయము తప్పదు. అట్టివారి ధర్మబుద్ధిని కూడ ఈ కథయందు స్మరింపవలసియున్నది.

ఆ కాలమున వ్రాసిన వానిలో మిక్కిలి ప్రసిద్ధము, గుర్తింపుచీటి పట్టుకొన్న యూదుడుగ తన్ను తాను చిత్రించుకొన్న పటము. 1943 నాటిది. ఎత్తైన గోడల మూలకు తరుమబడిన మనుష్యుడు టోపీతో, పైకెత్తిన కోటు పట్టీతో నిలిచి, మనవైపు తిన్నగ చూచుచుండును. కోటుపై పచ్చనక్షత్రము. చేతిలోని చీటిపై యూదుడని ఎర్రని అక్షరములు. జాతీయత యను గడిలో లేదు అని అర్థము వచ్చు మాట. పుట్టిన యూరి పేరు చెరిగిపోయినది. గోడకు పైన కొమ్మలు నరికిన చెట్టు. దాని చేరువనే పూచిన కొమ్మ యొకటి. ఒక ప్రభుత్వపు కాగితము మనుష్యుని ఎట్లు తుడిచివేయగలదో ఈ పటము చెప్పును. అయినను ఆ కన్నులు దీనముగ లేవు. నేనెవరినో మీ చీటి చెప్పజాలదని ఆ చూపు పలుకుచున్నట్లుండును. చీటిపై అతనికి దేశము లేదని వ్రాసిరి. ఆ చీటినే చిత్రించి అతడు తన పేరును లోకమున నిలిపెను.

పాండవులు విరాటుని కొలువునకు పోవుటకు ముందు తమ ఆయుధములను జమ్మిచెట్టుపై దాచిరి. ఫెలిక్స్ నుస్‌బౌమునకు ఆయుధములు చిత్రములే. వానిని బ్రస్సెల్సులో పరిచితుడైన ఒక వైద్యునియొద్దను, మరికొందరియొద్దను దాచెను. తాను నశించినను తన చిత్రములను నశింపనీయవలదనియు, వానిని ప్రజలకు చూపవలసినదనియు అతడు కోరినట్లు చెప్పుదురు. పాండవులు మరలివచ్చి తమ ధనుస్సులను దింపుకొనిరి. ఇతనికి ఆ భాగ్యము లేదు.

1944 ఏప్రిల్ 18. ఈ తేదీని అతడు తన కడపటి మహాచిత్రమునందు చినిగిన పంచాంగపు పుటపై వ్రాసి యుంచెను. ఆ చిత్రము మృత్యువు విజయము. కూలిన లోకము నడుమ అస్థిపంజరములు బాకాలు, తప్పెటలు మ్రోగించుచు ఆడుచుండును. వాని కాళ్లక్రింద మానవుడు వేల యేండ్లు శ్రమపడి కూర్చుకొన్న సమస్తము పడియుండును: విరిగిన విగ్రహము, చినిగిన పుస్తకములు, న్యాయపు త్రాసు, వాద్యములు, సంగీతపు కాగితము, చిత్రకారుని రంగుల పలక. ఆకసమున ముఖములు గల గాలిపటములు ఎగురుచుండును. ఇది ఒక జాతి మరణము మాత్రమే కాదు, విద్య, కళ, న్యాయము అను వాని యందరి మరణము అని అతని భావము. పుస్తకములు చినిగి నేలపాలైనచోట మనుష్యుడు కూడ మిగులడని ఆ చిత్రము హెచ్చరించుచున్నది.

జూన్ 6వ తేదీన మిత్రరాజ్యముల సేనలు ఫ్రాన్సుతీరమున దిగెను. విముక్తి సమీపించినదని దాగినవారెల్లరు ఆశపడిరి. రెండువారములలో, జూన్ 20వ తేదీ రాత్రి, ఎవరో ఇచ్చిన జాడను పట్టి సైనికులు ఆ యటకమీదికి వచ్చి దంపతులను బంధించిరి. జులై 31వ తేదీన మెఖెలెన్ నుండి ఆష్విట్జుకు బయలుదేరిన రైలులో వారిని ఎక్కించిరి. ఆ స్థలము నుండి అచటికి పోయిన రైళ్లలో అదియే చివరిది. ఆ తరువాత 34 దినములకు, సెప్టెంబరు 3వ తేదీన, బ్రస్సెల్స్ విముక్తమయ్యెను. గడువు తెలియని అజ్ఞాతవాసమునకు గడువు అంత చేరువలో నుండెను.

ఆష్విట్జు చేరిన పిదప ఫెల్కా జాడ తెలియలేదు. చేరినంతనే ఆమెను చంపిరని ఎంచబడుచున్నది. ఫెలిక్స్ కూడ ఆగస్టులోనే చంపబడెనని చిరకాలము తలచిరి. పిమ్మట దొరికిన చెరసాల ఆసుపత్రి దాఖలానుబట్టి సెప్టెంబరు 20వ తేదీన అతడు సజీవుడై యుండెనని తేలినది. అటుపై ఏ దాఖలాయు లేదు. తల్లిదండ్రులు ఆ సంవత్సరము ఫిబ్రవరిలోనే హాలెండునుండి అదే స్థలమునకు పంపబడి హతులైరి. అన్నయు ఆ యేడు ముగియకముందే వేరొక చెరసాలలో మరణించెను. ఒక కుటుంబము ఇట్లు తుడిచిపెట్టుకొని పోయెను. ఆ కాలమున చంపబడిన యూదులు సుమారు 60 లక్షలని చరిత్రకారుల లెక్క. అరువది లక్షలనిన అంకె. ఫెలిక్స్ అనిన మనుష్యుడు. అంకె మనస్సునకు అందదు, మనుష్యుడు అందును. అతని చిత్రముల ప్రయోజనములలో ఇది ముఖ్యము.

యుద్ధానంతరము పాతికేండ్ల కాలము ఆ పేరును లోకము మరచెను. చిత్రములు బ్రస్సెల్సులో మూలబడి, చెమ్మకు, దుమ్ముకు లోనయ్యెను. బ్రతికి బయటపడిన బంధువులు వానిని విడిపించుటకై వ్యాజ్యము నడుపవలసి వచ్చెను. తుదకు 1970 ప్రాంతమున నూరింటికి పైబడిన చిత్రములు వారి చేతికి వచ్చి, 1971లో ఆస్నాబ్రుకునందు ప్రదర్శింపబడెను. ఏ యూరి పేరు గుర్తింపుచీటిపై చెరిగిపోయెనో, ఆ యూరికే అతని రంగులు తిరిగి చేరెను. ఆ పురజనులు తమవాని చిత్రములను వెదకి వెదకి కూర్చసాగిరి. 1998లో అచట అతని పేర ఒక చిత్రశాల తెరువబడెను. దానిని నిర్మించిన శిల్పి డానియెల్ లీబెస్కిండ్. ఆ ఘోరకాలమును దాటి బ్రతికిన యూద దంపతుల కుమారుడు. ఇరుకైన నడవలు, వంకర గోడలు, ఎటు పోవలెనో తోచని దారులు గల ఆ భవనమున నడచువారికి దిక్కులేనివాని గతి కొంత బోధపడును. అచట 200కు పైబడిన ఫెలిక్స్ కృతులు కలవు. ఫెల్కా వ్రాసిన వానిలో మిగిలిన కొన్నియు వాని చెంతనే యున్నవి.

ఈ చరిత్రమునుండి గ్రహింపదగినవి రెండు కలవు. ఒక మనుష్యుని కులమతములను బట్టి అతడు మనవాడు కాడని తేల్చు బుద్ధి మొదట మాటలలో పుట్టును, తరువాత కాగితముపైకి ఎక్కును, తుదకు అగ్నియై ఇండ్లను కాల్చును. దానిని మాటలలో నున్నపుడే ఆపవలెను. ఇది మొదటిది. గ్రంథమైనను, చిత్రమైనను, దానిని సృజించినవాని చేయి దాటిన పిమ్మట కాపాడువారి చేతులలోనే జీవించును. ఇది రెండవది. ఎక్కడనో ఒక గదిలో ఎవరో ఒకరు తడియనీయక, చెదపట్టనీయక, తమది కానిదానిని తమదానివలె దాచియుంచినందుననే చచ్చినవారు మనతో మాటలాడగలుగుచున్నారు. పాతికేండ్లు పుస్తకములను దాచి, కోరినవారి చేతికి అందించిన గ్రంథాలయము చేయునదియు ఆ పనియే. ఫెలిక్స్ నుస్‌బౌమ్ తన కాలపు మనుష్యులనుండి పొందినది మృత్యువు. రాబోవు మనుష్యులనుండి కోరినది ఒక్క చూపు. ఆ చూపు ఇచ్చుట మనబోటివారి చేతిలోని పని.